మోరీల పోసిన థిన్నర్

మా ఇంట్ల కొట్టుడు కొత్తేం కాదు. మా నాయిన నల్లగొండ దిక్కు నుంచి వచ్చి, సరూర్‌నగర్‌ల కిరాయికి ఉండుకుంట ఇండ్లకు సున్నాలు వేసేటోడు. సాయంత్రం ఇంటికొచ్చినంక ఎవరి మీద కోపమొస్తే వాళ్లను చేతికి దొరికినదాంతోటి కొట్టేటోడు. ఎక్కువసార్లు దొరికేది సున్నం బ్రష్షు కట్టెనే. ఆ వాతలు మా అన్న వీపు మీద ఇప్పటికీ కనిపిస్తయి. నాయిన చనిపోయినంక ఇంట్ల కొట్టే పని అన్న తీసుకున్నడు. నన్ను కొట్టేటోడు, నేను తిరిగి కొట్టేదాన్ని. పెండ్లయిన కొత్తల వదిన మీద కూడ ఒకసారి చెయ్యి చేసుకున్నడు. ఆమె వంటింట్లకు పోయి, పొయ్యి మీది పప్పు గిన్నె తెచ్చి ఆయన పాదాల మీద కుమ్మరించింది. మళ్ల ఎన్నడూ ఆమె మీద చెయ్యెత్తలే. ఆదివారం మాత్రం ముగ్గురం ఇస్త్రీ బట్టలు కట్టుకొని చర్చికి పోయి, ముందట కూసొని పాటలు పాడేటోళ్లం.

ఇవన్నీ ముందే చెప్పకపోతే తర్వాత జరిగింది మా అన్న ఒక్కడి పిచ్చి లెక్క కనిపిస్తది. అది ఒక్కడి పిచ్చి కాదు.

అన్న చెయ్యి పనిల మాత్రం మంచి చెయ్యి. చిన్నప్పుడు నాయిన వెంట పనికి పోతే, సున్నం వేసిన గోడ ఆరకముందే బొగ్గుతోటి గుర్రాన్ని గీసి తన్నులు తినేటోడు. తర్వాత బోర్డులు రాసే ఒకాయన దగ్గర నేర్చుకొని ఆయిల్ పెయింటింగులకు వచ్చిండు. నా పదో తరగతి అయిపోంగనే నన్ను కూడ పక్కన కూసోబెట్టుకున్నడు. కొత్తపేట లోపలి గల్లీల ఒక రేకుల షెడ్డు తీసుకున్నం. ఎల్బీనగర్ చుట్టూత అపార్టుమెంట్లు లేస్తున్నయి, ప్రతి హాలుకు ఒక పటం కావాలె. హాలుల ఉరికే ఏడు గుర్రాలుంటే ఇంటికి మంచిదని జనం నమ్ముతరు. గుర్రాలు అన్న వేస్తుండె. వాటి వెనుక ఆకాశం, కాళ్ల కింద నీళ్లు నేను వేస్తుంటి. హోటళ్లకు జలపాతాలు, చర్చిలకు గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరి. వదిన చట్రాలకు క్యాన్వాసు గుంజి మేకులు కొట్టేది, తెల్లపూత పూసేది, సాయంత్రం బ్రష్షులన్ని కడిగేది.

ఆయిల్ రంగును పలచన చెయ్యాలన్నా, బ్రష్షు కడగాలన్నా థిన్నరే. మా షెడ్డుల థిన్నర్ నీళ్ల లెక్క వాడేటోళ్లం. ఒక్క బ్రష్షు కడగనీకి గ్లాసెడు పోసి, మురికైంగనే షెడ్డు ముందటి మురికినీళ్ల మోరీల వొంపేది. రంగు తుడిచిన గుడ్డలు మూలకు కుప్ప. కుప్ప పెద్దగైతే పక్కన ఖాళీ ప్లాటుల అంటుపెట్టేది. అన్నకు పని నేర్పినాయన అట్లనే చేసేటోడు, కాబట్టి మేం కూడ అట్లనే చేసినం.

ఒక ఎండకాలం నాకు తలనొప్పి పట్టుకుంది. రేకుల కింద మధ్యాహ్నం అయ్యేసరికి థిన్నర్ ఆవిరి కండ్లల్లకు కొట్టేది. బయటికి ఉరికి వాంతి చేసుకొని వచ్చి మళ్ల ఆకాశం వేసేదాన్ని. వదిన చేతులు నా కంటే అధ్వానం. వేళ్ల సందుల తోలు పగిలి రక్తం కారేది, అన్నంల చెయ్యి పెడితే మంటకు కండ్లపొంట నీళ్లు వచ్చేవి. ఇద్దరం కలిసి దవాఖానకు పోయినం. డాక్టరమ్మ వదిన చేతులు చూసి, "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగింది. చెప్పినం. మందు రాసిచ్చి, "మందు రాసుకుంట మళ్ల అండ్లనే చెయ్యి పెడితే ఏం లాభం?" అన్నది.

బయటికొచ్చినంక వదిన నాతోని, "వేరే తీరుగ కడిగే ఉపాయం లేదా? నువ్వు ఫోనుల ఎప్పుడు చూసినా బొమ్మల వీడియోలే చూస్తవు గదా, దీని సంగతి చూడు జర," అన్నది.

చూసిన. ఎక్కడెక్కడి పెయింటర్లో చేసేదంతా మనం కూడ చెయ్యగలిగేదే. ముందుగాల బ్రష్షుకున్న రంగును పాత పేపరుతోటి పిండి తుడవాలె. తర్వాత అవిసె నూనెల కడగాలె. ఆఖరికి సబ్బు. థిన్నర్ తప్పకపోతే, వాడినదాన్ని సీసల పోసి మూతపెట్టి కదలకుండ ఉంచితే రంగు మడ్డి కిందికి దిగుతది, పైన తేట నిలబడతది. ఆ తేటను వొంపుకొని మళ్ల వాడొచ్చు. పారబోసేది ఏదీ ఉండదు. వదిన ఖాళీ అయిన మామిడికాయ పచ్చడి సీసలు కడిగిచ్చింది. వాటిని కిటికీల వరుసగ పెట్టినం. గుడ్డల కోసం మూతున్న డబ్బా, దాంట్ల నీళ్లు. మూసుకపోయిన వెనుక కిటికీని నేనే సుత్తెతోటి కొట్టి తెరిచిన. నెల తిరిగేసరికి వదిన వేళ్లు మానబట్టినయి. నేను వాంతులు చేసుకునుడు బందైంది.

అన్న మొదలు నవ్విండు. "పచ్చళ్ల దుకాణం పెట్టిన్రా?" అనేటోడు. తన బ్రష్షులు మాత్రం పాత తీరుగనే కడిగేటోడు.

లొల్లి ఎక్కడ మొదలైందంటే, ఒక రోజు అపార్టుమెంట్లకు ఇంటీరియర్ పని చేసే ఒకామె ఆర్డరిచ్చేందుకు షెడ్డుకు వచ్చింది. లోపలికి రాంగనే ఆగి, "ఇంతకుముందు ఇక్కడ నిలబడలేకపోయేదాన్ని. ఇప్పుడు వాసనే లేదు. ఎవరు చేశారు ఇదంతా?" అన్నది. వదిన నన్ను చూపించింది. ఆమె నాతోనే మాట్లాడుకుంట, నన్నే అడుక్కుంట, ఆర్డరు కూడ నాకే చెప్పి పోయింది. అన్న స్టాండు దగ్గర గుర్రం మెడ దిద్దుకుంట నిలబడ్డడు, ఆమె ఆయన దిక్కు చూడనే లేదు.

ఆమె కారు గల్లీ దాటిందో లేదో, అన్న కిటికీ దగ్గరికి పోయిండు. ఒక సీస తీసిండు.

"నాకే పని నేర్పిస్తవా నువ్వు?" అన్నడు.

"నీకు ఎవరు నేర్పిస్తున్నరు? నా బ్రష్షులు నేను కడుక్కుంటున్న."

"నేను లేకపోతే నువ్వు బ్రష్షు ఎట్ల పట్టుకోవాల్నో నీకు తెలుసునా?"

"పట్టుకునుడు నేర్పినవ్ అన్నా. కడుగుడు నేర్పలే."

సీస నా మీదికే విసిరిండు. నేను పక్కకు వంగినంక గోడకు తగిలి పగిలింది. ఒక పెంకు వచ్చి నా కనుబొమ్మ మీద దిగింది. రక్తం కంట్లకు కారుతుంటే నాకు ఇంకేం కనిపించలే. చెయ్యి ఆన్చుకొని బొమ్మ వేసే పొడుగు కర్ర ఒకటుంటది. అది దొరికింది. చెవి మీద కొట్టిన, మెడ మీద కొట్టిన. ఆయన నా జుట్టు పట్టుకొని నేలకు వంచిండు. నేను ఆయన పిక్కను కొరికిన. ఇద్దరం ఆ థిన్నర్ల, ఆ పెంకులల్ల పొర్లినం. వదిన బకెట్ నిండ నీళ్లు తెచ్చి మా ఇద్దరి మీద గుమ్మరించింది, కుక్కల మీద పోసినట్లు. "సావుండ్రి. ఇద్దరూ సావుండ్రి. పటాలు మాత్రం నేను వేస్త," అన్నది.

కనుబొమ్మకు కుట్లు పడ్డయి. అన్నతోని నేను మాటలు బంద్ చేసిన. ఒక్క షెడ్డులనే, ఒక్క క్యాన్వాసు మీదనే, ఆయన గుర్రాలు వేసిపోతే నేను ఆకాశం వేసేదాన్ని.

అన్న అన్నదాంట్ల ఒక్కటి మాత్రం నిజముండె, అది చెప్పాలె. సీసల అడుగున దిగిన మడ్డి, ఎంత ఉంచినా తేటపడని మురికి థిన్నర్, ఇవన్నీ ఒక నీలం డ్రమ్ముల పోసి మూతబెట్టి ఉంచుతుంటి. దాన్ని ఎక్కడ ఇయ్యాల్నో నాకు తెల్వలే. చెత్త ఆటో ఆయన వద్దన్నడు. పాత ఇనుము కొనేటాయన వాసన చూసి దండం పెట్టిండు. డ్రమ్ము నిండబట్టింది. అన్న వదినెతోని, నాకు వినపడేటట్లు అనేటోడు: "షెడ్డుల బాంబు పెట్టి కూసున్నది నీ ఆడిబిడ్డ. మోరీల పోస్తే ఎప్పటికప్పుడు పోయేది." వదిన, "పోయేది ఎక్కడికి? సరూర్‌నగర్ చెరువుకే గదా," అన్నది. "చెరువుల ఏమన్న తామరపూలు పూస్తున్నయా?" అని ఆయన.

ఆ రోజు నేను దిల్‌సుఖ్‌నగర్‌ల ఫ్రేముల దుకాణానికి రెండు పటాలు ఇచ్చి ఆటోల తిరిగొస్తున్న. ఎండ బాగుంది. గల్లీ మొదట్ల దిగి నడుస్తుంటే, అన్న ఆ నీలం డ్రమ్మును షెడ్డు ముందటికి దొర్లించుకొచ్చి మోరీ బండల సందుల వొంపుతున్నడు. మా మోరీ మీద బండలు పరిచి ఉంటయి. ఆ బండల మీదనే, మా షెడ్డుకు కొద్ది దూరంల, ఒక ఆంటీ టీ బండి. గుంటూరు దిక్కు నుంచి వచ్చినామె. ఎప్పుడూ పొయ్యి వెలుగుతనే ఉంటది.

"అన్నా! వొద్దు! ఆంటీ పొయ్యి ఉన్నది!" అని మొత్తుకున్న.

ఎన్నో దినాలకు నేను ఆయనతోని మాట్లాడిన మాట అది. ఆయన తలెత్తి నన్ను చూసిండు. చూసుకుంటనే డ్రమ్మును ఇంకింత వొంచిండు.

దబ్బుమని సప్పుడైంది. పెద్ద సప్పుడు కూడ కాదు, ఎవరో పరుపును నేలకేసి కొట్టినట్లు. ఆంటీ కాళ్ల కింది బండ లేచి పడ్డది. బండల సందులన్నింటిలకెల్లి ఒక్కసారే మంటలు వచ్చినయి. ఆంటీ చీర కుచ్చిళ్లు అంటుకున్నయి. పాల గిన్నె, గ్లాసులు, బండి అన్నీ పక్కకు ఒరిగినయి. మంట మోరీ వెంట ఉరుక్కుంట వచ్చి డ్రమ్మును పట్టుకుంది. డ్రమ్మును పట్టుకున్న అన్న కుడి చెయ్యి మోచెయ్యి దాక మండింది.

ఎవరో బకెట్‌తోటి నీళ్లు పోసిన్రు. నీళ్ల మీద థిన్నర్ తేలుతది, మంట ఇంకా ఎడల్పైంది. ఎదురుంగ ఇల్లు కడుతున్నరు, ఇసుక కుప్ప ఉండె. నేను తట్టతోటి ఇసుక ఎత్తి అన్న చెయ్యి మీద, మోరీ మీద పోసిన. పక్కనున్న మేస్త్రీలు కూడ వచ్చి పోసిన్రు. వదిన షెడ్డుల నుంచి తడి గోనెసంచి పట్టుకొని ఉరికొచ్చి ఆంటీ కాళ్లకు చుట్టి, ఆమె మీద పండుకున్నది. మంట ఆరింది గని ఆంటీ మొత్తుకునుడు ఆగలే.

అప్పుడు జనం అన్న మీద పడ్డరు. "వీడే పోసిండు, నేను చూసిన," అని ఒకరు. ఇంక అందరూ. కాలిన చెయ్యి పైకెత్తి పట్టుకొని నిలబడ్డ మనిషిని కింద పడేసి తన్నిన్రు. ఒకాయన అన్న కాలిన చెయ్యి మీదనే చెప్పు కాలు పెట్టి తొక్కిండు. అన్న నోట్లకెల్లి వచ్చిన ఆ సప్పుడు నేను ఎన్నడూ వినలే, నాయిన కొట్టినప్పుడు కూడ వినలే. నేను మధ్యల దూరిన. నా వీపుల కట్టె దెబ్బ పడ్డది. తొక్కుతున్న ఆయన చెయ్యి దొరికితే పండ్లు దిగేదాక కొరికిన. "కొట్టేది తర్వాత కొట్టుండ్రి! ముందుగాల ఆటో పిలువుండ్రి! ఆంటీ సచ్చిపోతది!" అని వదిన అరిచింది. ఆ మాటకు వాళ్ల చేతులు ఆగినయి.

ఒక్కటే ఆటో దొరికింది. ఆంటీని, అన్నను అదే ఆటోల ఎక్కించినం. వదిన ఒడిల ఆంటీ తల, నా భుజం మీద అన్న తల. ఆంటీకి కొద్దిగ తెలివి రాంగనే, ఎదురుంగ ఉన్నదెవరో చూసింది.

"నువ్వేనట్రా! నా కాళ్లు కాల్చేశావు కదరా! రోజూ నా చేతి టీ తాగి నా కాళ్లు కాల్చేశావు కదరా!" అనుకుంట చేతికందిన కాడల్లా కొట్టింది. మొఖం మీద, ఛాతీ మీద. అన్న ఎడమ చెయ్యి బాగనే ఉంది, అడ్డం పెట్టుకోవచ్చు. పెట్టుకోలే. సిగ్నల్ కాడ ఆటో ఆగినప్పుడు కూడ ఆమె కొడుతనే ఉంది, పక్క బండ్లోళ్లు తొంగి చూస్తున్నరు. నేను ఆపలే. వదిన ఆపలే.

దవాఖానల ఇద్దరికీ కట్లు కట్టిన్రు. ఆంటీకి మోకాళ్ల కిందంతా కాలింది. అన్నకు రెండు వేళ్లు ఇంక వంగవని డాక్టర్లు చెప్పిన్రు.

మర్నాడు పొద్దుగాల ఆంటీ తమ్ముళ్లు ఇద్దరు షెడ్డుకు వచ్చిన్రు. చేతులల్ల ఇనుప పైపులు. అన్న దవాఖానల ఉండె, షెడ్డుల నేను, వదిన. తలుపు వేసుకుందామని నేను అన్న. వదిన వినలే. తలుపు బార్లా తెరిచి పక్కకు జరిగి, "రండ్రి. మీ అక్కకు చేసినదానికి మీ కోపం న్యాయమే. చెయ్యుండ్రి," అన్నది.

చేసిన్రు. స్టాండ్లు విరగ్గొట్టిన్రు. ఆరబెట్టిన గుర్రాలను క్యాన్వాసు కోసే మా చాకుతోటే మెడల కాడ చీరిన్రు. కాపరి పటం దగ్గర పెద్ద తమ్ముడు ఒక నిమిషం ఆగి, దాన్ని తీసి జాగ్రత్తగ గోడకు ఆనించి, పక్కదాన్ని చీరిండు. చిన్న తమ్ముడు మూలకున్న థిన్నర్ డబ్బాను పైపుతోటి కొట్టబోయిండు. నేను పోయి డబ్బా ముందట నిలబడ్డ.

"నన్ను కొట్టు. డబ్బాను కొట్టకు," అన్న నేను.

"ఏం, అంత ఖరీదా?"

"అది పగిలితే మళ్ల అదే మోరీలకు పోతది. మోరీ మీద ఇంకా ఎవరన్న పొయ్యి వెలిగిస్తరు."

ఆయన పైపు దించిండు. డబ్బాను రెండు చేతులతోటి ఎత్తి ఎండ తగలని జాగల పెట్టిండు. పెట్టి వచ్చి, నా చెంప మీద కొట్టిండు. పంటి చిగురు చిట్లి నోరంత ఉప్పగ అయింది. వాళ్లు పోయినంక వదిన, నేను చీరిన పటాల మధ్యల కూసున్నం. ఏడ్వలే. కొద్దిసేపైనంక వదిన లేచి, చినగని ముక్కలు ఒకదిక్కు, చట్రాలు ఒకదిక్కు తీసిపెట్టబట్టింది. "వీటికి తెల్లపూత పూస్తే చిన్న పటాలకు వస్తయి," అన్నది.

పోలీస్ స్టేషన్‌ల పెద్దమనుషులు కూసొని మాట్లాడిన్రు. ఆంటీ నడిచేదాక దవాఖాన ఖర్చు, ఇల్లు గడిచే ఖర్చు మాదే అని ఒప్పుకున్నం. కట్టు మార్చే రోజులల్ల నేనే ఆమెను ఆటోల తీసుకపోయేదాన్ని. కట్టు విప్పేటప్పుడు తోలు వెంట వస్తది. ఆమె నా మణికట్టు పట్టుకొని గోర్లు దిగేసేది. దిగేసుకుంటనే తిట్టేది. నన్ను, అన్నను, మా నాయినను, మేము వేసిన గుర్రాలను. నర్సమ్మ ఒకసారి, "మీ అమ్మనా?" అని నన్ను అడిగింది. "దీనికి నేను అమ్మనా? దీని అన్నే నన్ను కాల్చింది!" అని ఆంటీ అరిచింది. నర్సమ్మ మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసి కట్టు కట్టబట్టింది.

కర్రతోటి నడవొచ్చే దినం వచ్చినప్పుడు, దవాఖాన మెట్ల మీద ఆంటీ ఆగింది.

"మీ షెడ్డులో ఇంకా ఏమేం ఉన్నాయి?" అని అడిగింది.

"రంగులు, నూనె, సబ్బు. కొంచెం థిన్నర్ ఉంది."

"పద. నేను చూడాలి."

"ఇప్పుడా ఆంటీ?"

"మళ్లీ నా బండి అక్కడ పెట్టుకోవాలా వద్దా? చూడకుండా ఎట్లా పెట్టుకుంటాను?"

ఆటోను షెడ్డు దాక తీసుకపోయిన. అన్న అప్పటికి దవాఖాన నుంచి వచ్చి షెడ్డుల కూసుంటుండె. ఎడమ చేత్తోటి బొగ్గు పట్టుకొని ఏదో గీస్తున్నడు. ఆంటీని చూసి లేచి నిలబడ్డడు. ఆమె కుర్చీ కూడ వద్దన్నది. షెడ్డు నడుమ కర్ర ఆన్చుకొని, "అన్నీ బయటికి తియ్యండి," అన్నది.

తీసినం. ట్యూబులు, డబ్బాలు, సీసలు, మెరుపు కోసం ఆఖరున పూసే వార్నిష్, అన్ని గల్లీ పక్కనున్న ఖాళీ ప్లాటుల వరుసగ పెట్టినం. ఆంటీ కొంగు ముడిల నుంచి అగ్గిపెట్టె తీసింది. టీ బండి అగ్గిపెట్టె. దాన్ని చూసి అన్న ఒక అడుగు వెనుకకు వేసిండు.

"ఒక్కోదాంట్లోంచి ఒక చుక్క ఆ రాయి మీద వెయ్యండి," అన్నది ఆంటీ.

వదిన వేసింది. ఆంటీకి వంగరాదు కాబట్టి పుల్ల గీసి నాకిచ్చింది. నేను పెట్టిన. నీళ్లల్ల కలిపే రంగు, పుల్ల ఆరిపోయింది. సబ్బు, ఆరిపోయింది. అవిసె నూనె, పుల్ల మొత్తం కాలినా అంటుకోలే. ఆంటీ తలూపింది. అప్పుడు నేను ఉన్నది ఉన్నట్లు చెప్పిన: "ఆంటీ, ఈ నూనె ఊకె అంటుకోదు. గని నూనె తుడిచిన గుడ్డలు కుప్పేస్తే వాటంతట అవే వేడెక్కి కాలొచ్చు."

"మరి ఏం చేస్తున్నారు గుడ్డల్ని?"

"నీళ్ల డబ్బాల ముంచుతున్నం, మూతపెట్టి."

"చూపించు." చూపించిన. మూత తనే తీసి చూసి, తనే పెట్టింది.

థిన్నర్ వంతు వచ్చింది. చుక్క రాయి మీద పడ్డది. పుల్ల ఇంకా తాకనే లేదు, ఎడం నుంచే భగ్గుమన్నది. ఆంటీ కేక వేసి వెనుకకు పడబోయింది. పక్కనున్న అన్న ఎడమ చేత్తోటి ఆమెను పట్టుకున్నడు. నిలదొక్కుకోంగనే ఆమె తిరిగి ఆయన చెంప పగలగొట్టింది. ఒకటి. రెండు. చెయ్యి నొప్పి పుట్టి కర్రతోటి భుజం మీద కొట్టింది.

"ఇది నీకు తెలీదా? ఇంత పని చేసేవాడివి, ఇది నీకు తెలీదా?"

"తెలుసు," అన్నడు అన్న.

"తెలిసే పోశావా?"

"ఆ."

తెల్వదని అంటడని నేను అనుకున్న. పోలీసుల ముందట అట్లనే చెప్పిండు. ఆంటీ కర్ర దించి, రాయి మీద మంట ఆరేదాక చూసింది. "ఈ అంటుకునేవేవీ ఈ షెడ్డులో ఉండకూడదు. ఉంటే నేను మళ్లీ స్టేషన్‌కి పోతాను," అని, అన్నతోని కాదు, వదినెతోని చెప్పి ఆటో ఎక్కింది.

అట్ల మా షెడ్డుల థిన్నర్, దాంతోపాటు థిన్నరే కలిసుండే వార్నిష్ బందైనయి. ఉన్నది పారబోయనీకి లేదు. ఫ్యాక్టరీల నుంచి అసుమంటి రసాయనాలు తీసుకపోయే లారీ ఒకటుంటదని తెలిస్తే, ఇంటీరియర్ ఆమెను బతిమిలాడి, ఆమెకు తెలిసిన ఫ్యాక్టరీ సరుకుతోని పంపించినం. మొదట్ల మస్తు పరేషాన్ అయినం. పటాలు మెరుస్తలేవని ఫ్రేముల దుకాణాయన రెండు వాపసు పంపిండు. నేను అడుగు పూతలన్నీ నీళ్ల రంగులతోటి వేసి, మీదికెల్లి మాత్రమే ఆయిల్ పెట్టుడు నేర్చుకున్న. నూనె సీసల అడుగున దిగి ఎండిన మడ్డిని వదిన నూరి నూనెల కలిపితే ఒక బూడిద రంగు వచ్చింది. వాన మబ్బులకు అంతకంటే మంచి రంగు నేను దుకాణంల చూడలే. తమ్ముళ్లు చీరిన క్యాన్వాసు ముక్కలు చిన్న పటాలైనయి. చెత్త ఆటోల మేం వేసేది ఇప్పుడు ఒక చిన్న సంచి.

ఆంటీ బండి మా దిక్కు పెట్టలే. రోడ్డు అవతలికి మార్చుకుంది. వదిన పోతే టీ పోస్తది. నేను పోతే పోస్తది. అన్న పోతే పొయ్యి బంద్ చేసి కూసుంటది. ఆయన పోవుడు మానేసిండు.

అన్న ఎడమ చేత్తోటి గుర్రాల గీతలు గీస్తడు, రంగు నేను నింపుతున్న. కొట్టుడు తగ్గిందా అంటే తగ్గింది, నోరు మాత్రం పెరిగింది. మొన్న ఏమైందంటే, వెనుక గల్లీల బండ్లకు స్ప్రే పెయింట్ కొట్టే దుకాణాయన ఒక డబ్బా థిన్నర్‌ను మోరీల పోస్తుంటే అన్న చూసిండు. ఉరికిపోయి గల్లా పట్టిండు. "దానికి పొయ్యి తగిలితే ఏమైతదో తెలుసా నీకు? చూడు, ఈ చెయ్యి చూడు!" అని ఆయన మొఖంల మొఖం పెట్టి అరిచిండట. ఆ మనిషి ఒడ్డు పొడుగున్నోడు. అన్నను ఎత్తి కింద పడేసి మొఖం మీద గుద్దిండు. చుట్టూత ఉన్నోళ్లు విడిపించి పంపిన్రు.

పెదవి పగిలి, అంగీ చినిగి ఇంటికొచ్చిండు. వదిన ఐసు తెచ్చి పెదవికి అద్దుకుంట, "కొట్టినవా, కొట్టించుకున్నవా?" అని అడిగింది.

"రెండూ."

"వాడు పోసుడు మానిండా?"

అన్న ఐసును ఆమె చేతిలకెల్లి తీసుకొని తనే అద్దుకున్నడు. ఆ సాయంత్రం వెనుక గల్లీల నుంచి అదే వాసన మళ్ల వచ్చింది. నేను కిటికీ కాడ నిలబడి, "రేపు నేను పోయి మాట్లాడి చూస్త," అన్న.

"నేనూ వస్త," అన్నడు అన్న, ఐసు నోటికి పెట్టుకొనే.

"నువ్వు రాకు," అన్నం నేను, వదిన ఒక్కసారే.